ఆ పువ్వు మన నేలదేనా? బెంగళూరు చుట్టుపక్కల అడవిపూలు గుర్తుపట్టడం ఎలా

ఉగాది ముందర హెసరఘట్ట గడ్డి మైదానానికి వెళ్లి, ఎండిన గడ్డీ దుమ్మూ తప్ప ఏమీ కనపడక తిరిగొచ్చి "ఎక్కడున్నాయండీ మీరు చెప్పిన పూలు?" అని అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇంకొందరు ఫొటో పంపిస్తారు, అందులో పసుపుపచ్చ మచ్చ ఒకటి, చుట్టూ మసక, కింద "దీని పేరేంటి, ఇది మన మొక్కేనా?" అన్న ప్రశ్న. మొదటిదానికి జవాబు చిన్నదే. రెండోదానికి మాత్రం కొంచెం పద్ధతి కావాలి, ఎందుకంటే అందులో రెండు ప్రశ్నలున్నాయి. పేరేంటి అన్నది వేరు, మన నేలదా కాదా అన్నది వేరు. రెండూ కలిపేస్తే రెండూ తప్పుతాయి.

ముందు సీజన్ సంగతి

వసంతంలో పచ్చిక నిండా పూలు అనేది చలిదేశాల లెక్క. అక్కడ మంచు కరిగాక మొక్కలు లేస్తాయి, మన దగ్గర వాన పడితే లేస్తాయి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వానలు ఎక్కువ, కాబట్టి ఆగస్టు నుంచి నవంబరు దాకా నేలమీది పూలకు అసలు కాలం. ఇంకోలా చెప్పాలంటే వినాయక చవితి పత్రి దొరికే రోజులు. ఆ పత్రిలో ఉండే ఉత్తరేణి, విష్ణుక్రాంత, వాకుడు అన్నీ ఈ బయళ్లలో ఉండేవే.

మార్చి, ఏప్రిల్‌లోనే వెళ్లాలంటే వెళ్లండి, కానీ అప్పుడు చూడాల్సినవి వేరు. పొదల్లో తంగేడు, జిల్లేడు ఉంటాయి. మామిడికాయల టైములో ఒకటి రెండు గట్టి జల్లులు పడ్డాక వారం పది రోజులకు వెళితే, నేలలోపల దుంపలున్న మొక్కలు కనిపించే అవకాశం ఉంది. నేలతాడి అలాంటిదే, ఆరు రేకుల పసుపు నక్షత్రంలా నేలకు అతుక్కుని పూస్తుంది, వంగి చూడకపోతే దాటిపోతారు. అదే జల్లుల తర్వాత అపార్ట్‌మెంట్ లాన్‌లో గులాబీ రంగులో, తెల్లగా గుంపులుగా లేచే రెయిన్ లిల్లీ మాత్రం అమెరికా ఖండాల నుంచి తోటలకోసం తెచ్చిన మొక్క. దాన్ని చూసి అడవిపువ్వు అని సంబరపడేవాళ్లు చాలామంది.

ఏం కావాలి

- ఫోను, అందులో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. క్లిప్‌లా తగిలించే మాక్రో లెన్స్ ఉంటే మంచిది, లేకపోయినా పర్లేదు.
- నగల షాపులవాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం. ఒకే ఒక్క వస్తువు కొనాలంటే ఇదే కొనండి.
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్. వాన తుంపరకి పెన్ను రాయదు.
- పది రూపాయల బిళ్ళ. వెడల్పు 27 మిల్లీమీటర్లు, పువ్వు పక్కన పెట్టి ఫొటో తీస్తే సైజు తెలిసిపోతుంది.
- ముదురు రంగు అట్టముక్క, అరచేయంత. పువ్వు వెనక పెడితే వెనకున్న గడ్డి అంతా పోయి పువ్వు ఒక్కటే స్పష్టంగా వస్తుంది.
- బూట్లు, నిండు ప్యాంటు, నీళ్లు. చెప్పులేసుకుని గడ్డిలోకి దిగొద్దు. రక్తపింజరలు ఇలాంటి చోట్లే ఉంటాయి. చెయ్యి పెట్టేముందు అక్కడేముందో కళ్లతో చూడండి.

హెసరఘట్ట దూరమనిపిస్తే తురహళ్లి అడవి ఉంది, ఇంకా దగ్గరగా కావాలంటే మీ లేఅవుట్‌లో ఇంకా ఇల్లు కట్టని సైటు ఉంది. నేర్చుకోవడానికి నిజానికి అదే మంచి చోటు, రోజూ చూడొచ్చు కాబట్టి. కాకపోతే తవ్వి, మట్టి పోసి, చదును చేసిన చోట బయటి దేశాల మొక్కలే ముందు ఎక్కుతాయి. ఎన్నేళ్లుగానో కదపని నేల, ముఖ్యంగా బండల అంచున పలచటి మట్టి ఉన్నచోట, మన మొక్కలు దొరికే అవకాశం ఎక్కువ.

1. పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం ఒకసారి వెళ్లండి

విష్ణుక్రాంత, వెన్నదేవికూర లాంటివి పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి. ఎనిమిది నుంచి పదిన్నర మధ్య వెళితే బాగా దొరుకుతాయి. తుత్తురబెండ దీనికి తిరకాసు, మధ్యాహ్నం దాటాకే విచ్చుకుంటుంది. అందుకే పొద్దున మాత్రమే తిరిగేవాళ్లు దాని చక్రంలాంటి కాయలు చూస్తారు గానీ "ఇది పూయదేమో" అనుకుంటారు.

2. కోయకండి, ఆరు ఫొటోలు తీయండి

ఒక మొక్కకి ఒక్క ఫొటో తీయడమే అన్ని తప్పుల్లోకీ పెద్ద తప్పు. ఆరు కావాలి: మొత్తం మొక్క నిలబడ్డ తీరు, కాడకి ఆకు ఎలా అతుక్కుందో, ఆకు అడుగుభాగం, పువ్వు ఎదురుగా, పువ్వు పక్కనుంచి దాని కింది పచ్చటి కప్పు కనపడేలా, కాయ. ఎక్కువమంది వదిలేసేవి ఆకు అతుకు, కాయ. తీరా చూస్తే పేరు తేల్చేవి ఆ రెండే.

గాలికి పువ్వు ఊగుతుంటే కాడని వేళ్లతో మెల్లగా పట్టుకుని తీయండి. ఫోకస్ పువ్వు మీద నిలవకపోతే మీ వేలు పక్కనే పెట్టి, దాని మీద నొక్కి, తర్వాత వేలు తీసేయండి. ఎర్రటి ఎండలో తెల్లపూలు, పసుపుపూలు ఫొటోలో తెల్లమచ్చల్లా వస్తాయి కాబట్టి మీ నీడ వాటి మీద పడేలా నిలబడండి.

3. యాప్ తెరవకముందే ఈ ఐదూ రాసుకోండి

యాప్ పేరు చెప్పేశాక మన కళ్లు ఆ పేరుకి తగ్గట్టే చూస్తాయి, లేని గుర్తులు కూడా కనపడతాయి. అందుకే ముందు రాసుకోవాలి.

- ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జతలుగా ఉన్నాయా, ఒకటి ఇటూ ఒకటి అటూ ఉన్నాయా?
- కాడ గుండ్రంగా ఉందా, నలుపలకలుగా ఉందా? వేళ్ల మధ్య తిప్పితే తెలుస్తుంది.
- రేకులు ఎన్ని, విడివిడిగా ఉన్నాయా, కింద గొట్టంలా కలిసిపోయాయా?
- పువ్వుని ఎటు సగానికి కోసినా ఒకేలా ఉంటుందా, కుడి ఎడమలుగా కోస్తేనే సమంగా వస్తుందా?
- కాయ ఎలా ఉంది? పాలు, వాసన, నూగు, ముళ్లు ఏమైనా ఉన్నాయా?

పాలు ఉన్నాయేమో చూడాలంటే రాలిన ఆకు తుంచండి, ఆ చేత్తో కళ్లు ముట్టుకోకండి. జిల్లేడు పాలు కంట్లో పడితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

రంగు ఈ లిస్టులో లేదని గమనించే ఉంటారు. కావాలనే పెట్టలేదు. ఒకే మొక్క ఒకచోట ఊదాగా, ఇంకోచోట తెల్లగా పూయగలదు, ఎండకి వెలిసిపోతుంది, ఫోను కెమెరా నీలాన్ని ఊదా చేసేస్తుంది.

4. వంటింట్లో తెలిసిన పూలతో కుటుంబం పట్టుకోండి

వృక్షశాస్త్రం చదవక్కర్లేదు. తులసి, చిక్కుడు, బెండ, చామంతి, వంకాయ, ఈ ఐదింటి పూలు దగ్గరగా చూసి ఉంటే చాలు, బయట కనపడేవాటిలో చాలావాటికి కుటుంబం చెప్పేయొచ్చు.

నలుపలకల కాడ, ఎదురెదురు ఆకులు, పెదవుల్లా చీలిన పువ్వు ఉంటే తులసి వైపు చూడండి, తుమ్మి ఈ ఇంటిదే. చిక్కుడు పువ్వులా పైన ఒక పెద్ద రేకు, పక్కన రెండు రెక్కలు, కింద పడవలాంటిది ఉంటే వెంపలి, గిలిగిచ్చ, నీలి వీటిలో ఏదో కావచ్చు. మధ్యలో కేసరాలన్నీ కలిసి ఒక కంబంలా లేస్తే బెండ కుటుంబం, తుత్తురబెండ అందులోది. చామంతి దగ్గర జాగ్రత్త: ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్నపూల గుత్తి, అందుకే "రేకులు ఎన్ని" అన్న ప్రశ్న దానికి పనికిరాదు. ఐదు రేకులూ నక్షత్రంలా కలిసి, మధ్యలో పసుపు కేసరాలు ముక్కులా పొడుచుకొస్తే వంకాయ చుట్టం, అంటే వాకుడు లాంటిది.

వీటిలో దేనికీ సరిపోకపోతే వదిలేసి తర్వాతి మెట్టుకి వెళ్లండి, బుర్ర బద్దలు కొట్టుకోవద్దు.

5. ఇప్పుడు యాప్

ఐనాచురలిస్ట్ వాడండి. ఖాతా గొడవ వద్దనుకుంటే అదే సంస్థ చేసిన సీక్ ఉంది, పిల్లలకి అది హాయి. గూగుల్ లెన్స్ కూడా పనిచేస్తుంది గానీ అది ఎక్కువగా నర్సరీవాళ్లు అమ్మే మొక్కల వైపు లాగుతుంది, గడ్డిపువ్వు చూపిస్తే తోటపువ్వు పేరు చెప్తుంది. ఒకే ఫొటో కాకుండా ఆరూ ఎక్కించండి, లొకేషన్ సరిగ్గా పెట్టండి.

యాప్ చెప్పినదాన్ని జవాబు అనుకోవద్దు, అనుమానితుల జాబితా అనుకోండి. మీరు రాసుకున్న ఐదింటితో ఒక్కొక్కటీ పోల్చండి. ఆకులు ఎదురెదురు అని మీరు రాసుకుని, యాప్ చెప్పిన మొక్కకి అలా లేకపోతే ఆ పేరు కొట్టేయండి, ఫొటో ఎంత బాగా కలిసినా సరే.

సిగ్నల్ లేని చోట ఫొటోలు తీసుకొచ్చి ఇంట్లో చూసుకోవచ్చు. పక్కన గొర్రెలు కాసేవాళ్లుంటే అడగండి. దేవనహళ్లి, చిక్కబళ్లాపుర వైపు చాలామందికి తెలుగు వచ్చు, లేకపోతే తుమ్మిని తుంబె అని, తంగేడుని తంగడి అని, జిల్లేడుని ఎక్క అని అడిగితే చూపిస్తారు. ఏది పశువులు తింటాయో, ఏది ముట్టుకోవో కూడా చెప్తారు, అది ఏ యాప్‌లోనూ ఉండదు. కాకపోతే ఊరి పేరుతోనే ఆగిపోకండి. బ్రహ్మదండి అని ఒక్కోచోట ఒక్కో మొక్కని చూపిస్తారు. శాస్త్రీయ నామం దాకా వెళితేనే తర్వాతి పని అవుతుంది.

6. ఎక్కువమంది తికమకపడే జతలు

పసుపుపూలలో గోల ఎక్కువ. తంగేడు, కసింద రెండూ దూరం నుంచి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. తంగేడుకి ఆకు కాడ మొదట్లో చెవుల్లాంటి గుండ్రటి పచ్చటి తమ్మెలు ఉంటాయి, చిట్టి ఆకుల ప్రతి జత మధ్యా సన్నని గ్రంథి, అంటే చిన్న బొడిపె ఒకటి నిలబడి ఉంటుంది. కసిందకి ఆకు కాడ అడుగున ఒకే గ్రంథి, నలిపితే చెడు వాసన. తంగేడు మనది, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా. కసింద అమెరికా ఖండాలది.

పల్లేరు ఐదు రేకుల పసుపు పువ్వు నేలమీద పాకుతూ ఉంటుంది, పేరు తెలియకపోయినా ముళ్లకాయ కాలికి తగిలితే తెలిసిపోతుంది. గడ్డిచామంతి దాదాపు ప్రతి సైటులో ఉంటుంది: పొడవాటి కాడ చివర మధ్యలో పసుపు, చుట్టూ కొసన మూడు పళ్లున్న ఐదారు లేత రేకులు. గాయానికి దీని పసరు పిండిన అమ్మమ్మలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు, కొన్నిచోట్ల దీన్ని గాయపాకు అనే అంటారు, అయినా ఇది మధ్య అమెరికా నుంచి వచ్చింది. నమ్మబుద్ధి కాదు గానీ అంతే. పసుపురంగులో పెద్ద పూలు, తెల్లచారల ముళ్ల ఆకులు, తుంచితే పసుపు పాలు కనపడితే అది బలురక్కసి, మెక్సికోది. దీని గింజలు ఆవనూనెలో కలిసే జనం డ్రాప్సీ (ఒంటికి నీరు పట్టే జబ్బు) పాలయ్యారు, చేత్తో తడమొద్దు.

నీలంలో విష్ణుక్రాంతకి రేకులు కలిసిపోయి చిన్న గుండ్రటి పళ్లెంలా ఉంటుంది, వేలిగోరు కంటే చిన్నది, కాడా ఆకులూ పట్టులాంటి నూగుతో ఉంటాయి. వెన్నదేవికూరకి మూడు రేకులు, రెండు పెద్దవి, ఒకటి చిన్నది, పువ్వు మడిచిన ఆకులాంటి దొప్పలోంచి బయటికొస్తుంది. దీనికి నేలలోపల కూడా విచ్చుకోని పూలుంటాయి, అవీ గింజ కడతాయి. నన్ను చూపించమంటే తవ్వాలి కాబట్టి ఎవరికీ చూపించను. లాన్‌లో గుండ్రటి చిట్టి ఆకులతో పాకుతూ తెల్లగా పూసేది విష్ణుక్రాంతకి చుట్టమే, ఎవాల్వులస్ నుమ్ములారియస్ అంటారు, కానీ అమెరికా ఖండాలది.

ఊదారంగు కుచ్చుల్లాంటి పూలు రెండు రకాలు. సహదేవి మనది, ఆకులు ఒకటి ఇటూ ఒకటి అటూ. అజెరాటం అమెరికాది, కింది ఆకులు ఎదురెదురుగా, నలిపితే ఘాటు. ఈ ఒక్క గుర్తుతో సగం గొడవ తీరుతుంది.

వెంపలి అనుకుంటే ఒక్క చిట్టి ఆకు తీసుకుని రెండు కొసలూ పట్టి లాగండి, బాణం మొనలా తెగుతుంది. ఇది సరదాగా ఉంటుంది గానీ ఇదొక్కటే సాక్ష్యం కాదు, బల్లపరుపుగా కొంచెం వంగిన కాయ కూడా చూడండి. గిలిగిచ్చకి ఉబ్బిన కాయ, ఎండాక ఊపితే గలగలమంటుంది, ఇందులో చాలా జాతులున్నాయి కాబట్టి గిలిగిచ్చ దగ్గరే ఆగినా సిగ్గేం లేదు. తుమ్మిలో కూడా అంతే: ల్యూకస్ ఆస్పెరా అని ఖాయం చేయాలంటే పువ్వు రాలాక మిగిలిన కప్పు నోరు ఏటవాలుగా ఉందో లేదో భూతద్దంతో చూడాలి.

పురుషరత్నం మాత్రం తికమక పెట్టదు. గడ్డిలో గులాబీ రంగులో ఒకే ఒక పెద్ద రేకు వేలాడుతూ ఉంటే అదే.

7. మనదా, బయటిదా?

శాస్త్రీయ నామం వచ్చాక ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్ తెరిచి వెతకండి, లండన్ క్యూ గార్డెన్స్‌వాళ్లది, డబ్బులు అక్కర్లేదు. మ్యాపులో పచ్చరంగు అంటే ఆ మొక్క పుట్టినిల్లు, ఊదారంగు అంటే తర్వాత తెచ్చినది లేదా వచ్చి చేరినది. ఇండియా పచ్చగా ఉందా చూడండి. ఆ తర్వాత బెంగళూరులోని సైన్స్ సంస్థ ఐఐఎస్‌సివాళ్ల వెబ్‌సైటు డిజిటల్ ఫ్లోరా ఆఫ్ కర్ణాటకలో ఆ పేరు మన జిల్లాకి ఉందో లేదో చూడండి.

తెలుగు పేరుంది, పూజలో వాడతాం, ఆయుర్వేదంలో వాడతారు, ఇవేవీ రుజువు కాదు. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, అత్తిపత్తి అమెరికా ఖండాలది. అలాగని బయటి మొక్కలన్నీ విలన్లు కాదు. గడ్డిచామంతి మీద సీతాకోకచిలుకలు హాయిగా వాలతాయి. వయ్యారిభామ, లాంటానా మాత్రం వేరే కథ, మిగతా మొక్కల్ని నిలబడనివ్వవు.

8. సరిగ్గా పట్టుకున్నారో లేదో చూసుకోవడం

పువ్వు కాకుండా ఇంకో రెండు గుర్తులు కలవాలి, ఒకటి ఆకుది, ఒకటి కాయది. కాయ లేకపోతే మూడు వారాలాగి మళ్లీ అదే మొక్క దగ్గరికి వెళ్లండి, లొకేషన్ సేవ్ చేయమన్నది అందుకే. చుట్టుపక్కల అదే రకం మొక్కలు ఇంకో నాలుగైదు చూడండి, మొదటిది పురుగు తిని వంకరపోయినదో, నీడలో పెరిగి సాగిపోయినదో కావచ్చు.

ఐనాచురలిస్ట్‌లో రీసెర్చ్ గ్రేడ్ వచ్చిందని ధీమా వద్దు. కనీసం ఇద్దరు ఒకే పేరు చెప్పి, చెప్పినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది దానికే ఒప్పుకుంటే ఆ ముద్ర పడుతుంది. ఆ రెండోవాడు మీ స్నేహితుడై, మొహమాటానికి అగ్రీ నొక్కితే దాని విలువ సున్నా. కర్ణాటక మొక్కలు బాగా ఎరిగినవాళ్లు చెప్పారా, వాళ్లు కారణం రాశారా చూడండి. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో కూడా ఇవే ఫొటోలు పెట్టి అడగొచ్చు.

చేయకూడనివి

నోట్లో పెట్టుకోవద్దు, కూర వండొద్దు, కషాయం కాయొద్దు. తుమ్మికూర ఇంట్లో అలవాటే అయినా, ఈ గైడ్ చూసి గుర్తుపట్టిన తుమ్మిని వండొద్దు. అగ్నిశిఖ చూడ్డానికి మంటలా అందంగా ఉంటుంది, ఆకు కొసలే తీగల్లా చుట్టుకుంటాయి, పువ్వు నుంచి దుంప దాకా అంతా విషం. ఉమ్మెత్త, గురివింద గింజలు కూడా అంతే. పిల్లలతో వెళితే ఈ మూడింటినీ ముందే చూపించి చెప్పండి.

వయ్యారిభామ పూసినచోట ఎక్కువసేపు కూర్చోవద్దు, కొందరికి చర్మం దద్దుర్లు, ఆయాసం వస్తాయి. కారు, బైకు గడ్డిలోకి ఎక్కించొద్దు, నేలమీదే గుడ్లు పెట్టే పక్షులు ఉంటాయి. ఇంకొకటి, "ఇంత ఖాళీ జాగా ఉందే, మొక్కలు నాటుదాం" అని గడ్డి మైదానంలో గుంతలు తవ్వే ఉత్సాహం వద్దు. అది ఖాళీ జాగా కాదు, చెట్ల నీడ పడితే ఈ పూలన్నీ పోతాయి.

పిల్లల ప్రాజెక్టుకి మొక్క కావాలంటే

మైదానం నుంచి తేవద్దు, మీ వీధి సైటులో గడ్డిచామంతి తీసుకోండి, ఎవరికీ నష్టం లేదు. వేరు, ఆకు, పువ్వు, గింజ అన్నీ ఉన్న ఒక మొక్కని పాత న్యూస్‌పేపర్ మడతల్లో పరిచి, ఒక ఆకైనా తిరగేసి అడుగుభాగం కనపడేలా పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. మొదటి నాలుగు రోజులు రోజూ పేపరు మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది, వానాకాలంలో మరీనూ. వారం పది రోజులకి పెళుసుగా ఆరితే అయినట్టే, వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టు. అట్టకి దారంతో కుట్టి, కింద తేదీ, చోటు, పువ్వు తాజాగా ఉన్నప్పటి రంగు రాయండి, ఆరాక రంగు నిలవదు.